బాబాయి పోగొట్టుకున్న 86 వేలు: మన ఫోన్‌లో బ్రౌజర్ ఎవరి మాట వింటుంది?

 

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఫోన్‌లో మీరు రోజూ వాడే బ్రౌజర్ ఏది? మొన్న తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలతో మాట్లాడుతూ ఇదే అడిగాను. "గూగుల్ అండి" అన్నారు చాలామంది. గూగుల్ అనేది కంపెనీ పేరు, వెతికే సైటు పేరు. ఆ సైటుని తెరిచి మీకు చూపించే యాప్‌ని బ్రౌజర్ అంటాం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్, బ్రేవ్, ఇవీ బ్రౌజర్లంటే.

నేను ఆ పిల్లల్ని తప్పు పట్టట్లేదు. ఇల్లు కట్టేటప్పుడు సింహద్వారం ఎటు పెట్టాలని పది మందిని అడుగుతాం. ఫోన్‌లో బయటి ప్రపంచానికి సింహద్వారం బ్రౌజరే. దాన్ని ఎవరు పెట్టారో, తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం అడగం. నేనూ అడగలేదు చాలాకాలం. అడగాల్సిన రోజు ఒకటి వచ్చింది. అది మా బాబాయి వల్ల వచ్చింది.

ఆయన్ని అడిగే చెబుతున్నాను. "పేరు మాత్రం చెప్పకురా, మిగతాదంతా చెప్పు. ఇంకొకడన్నా జాగ్రత్త పడతాడు" అన్నారు.

మాది కైకలూరు దగ్గర కొల్లేటి ఊరు. బాబాయికి నాలుగెకరాల చేపల చెరువు, అందులో రెండెకరాలు కౌలుది. బొచ్చె, శీలావతి వేస్తారు. కిందటేడు పట్టుబడి అయ్యాక డబ్బులు అకౌంట్లో పడ్డాయి. మేత కొట్టు బాకీ తీర్చాలి. సరిగ్గా ఆ రోజే ఏటీఎం కార్డు బ్లాక్ అయింది. మనందరం ఏం చేస్తామో ఆయనా అదే చేశారు. ఫోన్ తీసి బ్యాంకు పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టారు. అన్నిటికన్నా పైన వచ్చింది నొక్కారు. అది డబ్బు కట్టి పెట్టించిన ప్రకటన. లోపల బ్యాంకు రంగే, బ్యాంకు గుర్తే. తెలుగులో రాసి కూడా ఉంది. యూజర్ ఐడీ అడిగింది, ఇచ్చారు. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చారు. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టారు. నాలుగు నిమిషాల్లో రెండు దఫాలుగా 86 వేలు పోయాయి.

సాయంత్రం నాకు ఫోన్ చేశారు. అప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఒరే అబ్బాయ్, తాళం బొమ్మ చూశాన్రా. తాళం ఉంటే పర్లేదని నువ్వే కదా చెప్పావు."

నిజమే. నేనే చెప్పాను. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆయన ఫోన్‌లో ఇంటర్నెట్ బ్యాంకింగ్ పెట్టి, పైన అడ్రస్ పక్కన చిన్న తాళం చూపించి, "ఇది ఉంటే సేఫ్, లేకపోతే నొక్కకు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఆయన నమ్మారు. అందులో సగం తప్పు ఉంది. ఆ సగం ఖరీదు 86 వేలు. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, ముందు ఆ తాళం సంగతి చూద్దాం.

మీ ఫోన్ నుంచి సైటు దాకా మీరు పంపే మాట ఎన్నో చేతులు మారి వెళ్తుంది. వైఫై పెట్టెలోంచి, సిమ్ కంపెనీలోంచి, మధ్యలో ఇంకెన్నో యంత్రాల్లోంచి. పాత రోజుల్లో అది పోస్టుకార్డు లాగా వెళ్లేది. దారిలో ఎవరైనా చదవొచ్చు. హెచ్‌టీటీపీఎస్ వచ్చాక అది అంటించిన కవరు అయింది. దారిలో ఎవరికీ లోపలిది కనిపించదు. తాళం బొమ్మ చెప్పేది ఇంతే.

కొల్లేరు భాషలో చెప్పాలంటే, మీరు దోనె ఎక్కారు. దోనెకి కప్పు ఉంది, చుట్టూ తెర ఉంది, లోపల ఎవరున్నారో గట్టు మీద వాళ్లకి కనపడదు. బాగుంది. కానీ ఆ దోనె మిమ్మల్ని ఏ రేవులో దింపుతుందో ఆ తెర చెప్పదు. దొంగ రేవుకి కూడా తెర కట్టిన దోనెలోనే వెళ్లొచ్చు.

అప్పట్లో ఆ కవరు, అంటే సర్టిఫికెట్, డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఒక లాభాపేక్ష లేని సంస్థ అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఫైర్‌ఫాక్స్ తయారు చేసే మొజిల్లా దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకటి. అది చాలా గొప్ప పని. మీ ఊరి స్కూలు సైటుకి కూడా ఈ రోజు తాళం ఉందంటే అలాంటి వాళ్ల పుణ్యమే. అందరికీ ఇస్తే దొంగకీ దొరుకుతుంది కదా. దొరికింది. కరెంటు అందరికీ ఇస్తే దొంగ ఇంట్లోనూ లైటు వెలుగుతుంది, అలాగన్నమాట. అంచేత కరెంటు ఆపేస్తామా?

జనం తాళాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని క్రోమ్ 2023 సెప్టెంబరులో ఆ బొమ్మనే తీసేసింది. మరి బాబాయి ఫోన్‌లో ఎలా ఉంది? బ్రౌజర్ అప్‌డేట్ చేసి ఏళ్లయింది కాబట్టి! ఫోను నిండా వాట్సాప్ గుడ్‌మార్నింగ్ ఫోటోలు. స్టోరేజీ లేదు. అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్ అంటే కొత్త రంగులు, కొత్త ఎమోజీలు అనుకుంటాం. బ్రౌజర్ అప్‌డేట్‌లో ఎక్కువగా ఉండేది కన్నాలు పూడ్చే పని. గట్టుకి ఎలుక కన్నం పెడితే వెంటనే మట్టి వెయ్యాలి, వచ్చే నెల వేద్దాంలే అంటే చెరువు ఖాళీ అవుతుంది. చెరువు గట్టు మీద రోజూ తిరిగే మనిషి ఫోన్ గట్టు మాత్రం మూడేళ్లు చూడలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. బ్రౌజర్ మన మాట వినడం అంటే ఏంటో నాకు మొదట తెలిసిన చోటికి.

2007లో నేను తాడేపల్లిగూడెంలో హైస్కూలు చదువుతున్నాను. అప్పట్లో నెట్ సెంటర్లు ఉండేవి, గంటకింత అని. నాకు తెలుగు పేపరు నెట్‌లో చదవాలని సరదా. ఒక పెద్ద పత్రిక సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే బాగానే వచ్చేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు, ఎవరో కీబోర్డు మీద చెయ్యి పెట్టి నలిపినట్టు. ఎందుకంటే అప్పట్లో ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవాళ్లు. ఆ ఫాంటుని సైటు నుంచి తెచ్చుకునే పద్ధతి మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌కే తెలుసు. అంటే మీ తెలుగు మీరు చదవాలన్నా ఒక అమెరికన్ కంపెనీ బ్రౌజరే వాడాలి. పైగా చదవగలరే గాని వెతకలేరు, కాపీ చేసి ఎవరికన్నా పంపితే అవతల మళ్లీ పిచ్చి గీతలే.

నెట్ సెంటర్ అన్నయ్య నవ్వి, "ఉండు, పద్మ వేస్తాను" అన్నాడు. ఎవరీ పద్మ అనుకున్నాను. అది ఫైర్‌ఫాక్స్‌కి తగిలించే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్. అది పెట్టి పేజీ మళ్లీ తెరిచాడు. గీతలన్నీ తెలుగు అయిపోయాయి. మామూలు తెలుగు కాదు, యూనికోడ్ తెలుగు. వెతకొచ్చు, కాపీ చెయ్యొచ్చు.

దాన్ని రాసింది వెన్న నాగార్జున గారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. పత్రిక మారలేదు. మైక్రోసాఫ్ట్ మారలేదు. ఎవరి అనుమతీ అడగలేదు. ఒక తెలుగాయన కూర్చుని, మన సమస్యకి మన మందు రాసి బ్రౌజర్‌కి తగిలించాడు. ఆ బ్రౌజర్ తగిలించనిచ్చింది. అంతటితో ఆగలేదు. పద్మ కోడ్ అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి, దాని మీద ఆధారపడి వీవెన్ గారు 2006లో లేఖిని కట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని వచ్చే పేజీ. అప్పట్లో నెట్‌లో తెలుగు రాయడం మొదలెట్టిన ఎంతోమంది లేఖినిలోనే మొదలెట్టారు. నేనూ అంతే.

ఓపెన్ సోర్స్ అంటే ఏంటని ఎవరడిగినా నేను ఇదే కథ చెబుతాను. ఫ్రీగా దొరకడం ఒక్కటే కాదండి దాని అర్థం. లోపల ఏముందో చూడొచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చింది పక్కవాడికి ఇవ్వొచ్చు. ఆ గొలుసులో ఎక్కడ తాళం పడ్డా మన తెలుగు అక్కడే ఆగిపోయేది.

ఫైర్‌ఫాక్స్ పుట్టుక కూడా అలాంటిదే. నెట్‌స్కేప్ అని ఒక కంపెనీ మైక్రోసాఫ్ట్ పోటీకి తట్టుకోలేక 1998 మార్చి 31న తన బ్రౌజర్ కోడ్‌ని లోకానికి ఇచ్చేసింది. దాని నుంచి మొజిల్లా, దాని నుంచి 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చాయి. అప్పటికి పదిమందిలో తొమ్మిదిమంది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే. పోటీ లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్ ఏం చేసిందో తెలుసా? 2001లో ఆరో వెర్షన్ ఇచ్చి, ఏడోది 2006లో ఇచ్చింది. ఐదేళ్లు! నెట్ లోకంలో ఐదేళ్లంటే ఒక యుగం. ఫైర్‌ఫాక్స్ వచ్చి తలుపు తట్టాకే మళ్లీ కదిలారు.

"అన్నా, నాకు కోడ్ రాదు, తెరిచి ఉంటే నాకేంటి?" అని మీకు అనిపించొచ్చు. మంచి ప్రశ్న. చేపల మేత బస్తా మీద లోపల ఏముందో రాసి ఉంటుంది. బాబాయి ల్యాబ్ పెట్టి పరీక్ష చెయ్యరు. కానీ ఎవరో ఒకరు చెయ్యగలరు అన్న భయం కంపెనీకి ఉంటుంది కదా, ఆ భయమే మనకి రక్షణ. ఏమీ రాయని బస్తా తెచ్చి "నమ్మండి బాగుంటుంది" అంటే మీరు మీ చెరువులో వేస్తారా?

ఫోన్లలో అలాంటి బస్తా మనం ఏళ్ల తరబడి వేసుకున్నాం. యూసీ బ్రౌజర్ గుర్తుందా? చవక ఫోన్లలో, టూజీ రోజుల్లో, ఊళ్లో ఎవరి ఫోన్ చూసినా అదే. త్వరగా తెరుచుకునేది, డేటా తక్కువ తినేది. 2015లో టొరంటో యూనివర్సిటీలోని సిటిజెన్ ల్యాబ్ వాళ్లు దాన్ని విప్పి చూశారు. వెతికిన మాటలు, ఉన్న చోటు, ఫోన్ గుర్తులు సరైన రక్షణ లేకుండా బయటికి పోతున్నాయని తేల్చారు. మనలో ఎవరికీ పట్టలేదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించినప్పుడు అందులో యూసీ బ్రౌజర్ కూడా పోయింది. పోయాక మనం ఏం చేశాం? ఫోన్‌లో ముందే ఉన్న ఇంకోదానికి మారాం. ఎంచుకోలేదు, మారామంతే.

ఈ "ముందే ఉన్నది" అనేది చిన్న విషయం కాదు. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్ చేసే కంపెనీల చేత తన యాప్‌లన్నీ ఒక కట్టగా ముందే పెట్టించడం అందులో ఒక ఆరోపణ. క్రోమ్ ఆ కట్టలో ఉంది. సింహద్వారం ఎవరు పెట్టారు అని అడిగాను చూడండి, జవాబు అది.

ఇప్పుడు ఇంకొంచెం లోపలికి వెళ్దాం. బ్రౌజర్ల పేర్లు చాలా ఉన్నాయి. కానీ పేజీని గీసి చూపించే ఇంజిన్లు, జనం ఎక్కువగా వాడేవి, మూడే. క్రోమ్‌ది బ్లింక్, ఆపిల్‌ది వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్, వీటన్నిటి లోపల ఉన్నది క్రోమ్ ఇంజినే. చెరువులో నాలుగు రంగుల ఏరియేటర్లు పెట్టారు, లోపల మోటారు మాత్రం ఒకే కంపెనీది. అదే లోపం అన్నిట్లో ఉంటే ఒకే రాత్రి అన్నీ ఆగుతాయి. తెల్లారేసరికి చేప తేలుతుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. క్రోమ్‌కి అడుగున ఉన్న క్రోమియం కూడా ఓపెన్ సోర్సే. బ్రేవ్ లాంటివి దాన్నుంచే పుట్టాయి. అయితే తెరిచి ఉండటం ఒకటి, ఎటు నడవాలో నిర్ణయించేది ఎవరనేది ఇంకొకటి. 2024లో క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల పద్ధతి మార్చడం మొదలుపెట్టింది. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ అందులో పాత పద్ధతిలో పనిచెయ్యడం ఆగిపోయింది. గూగుల్ ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలదే అని మీకు తెలుసు. ఫైర్‌ఫాక్స్ మాత్రం తప్పులు లేనిదా? దాని ఆదాయంలో చాలా భాగం గూగుల్‌ని మొదటి వెతుకుడు సైటుగా పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే. వాడేవాళ్లు తక్కువ కాబట్టి కొన్ని సైట్లు అందులో సతాయిస్తాయి. ఇవన్నీ తెలిసే నేను దాన్ని వాడుతున్నాను. ఎందుకో మా కొల్లేరు చెబుతుంది.

కొల్లేరులోకి నీళ్లు వచ్చే దారులు చాలా. బుడమేరు, తమ్మిలేరు, లెక్కలేనన్ని కాలవలు, డ్రెయిన్లు. సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సరస్సు అందరిదీ. చేపలు పట్టేవాళ్లది, వలస వచ్చే కొంగలది, పెలికాన్లది. ఆ సరస్సులోనే కొందరు గట్లు వేసుకుంటూ పోయారు. ఇది నా చెరువు, ఇది నా చెరువు. మొదట్లో ఎవరికీ ఏం కాలేదు. తర్వాత నీళ్లు నడిచే దారి మూసుకుపోయింది. వాన పడితే ఊళ్లు మునగడం మొదలైంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు కొట్టారు. ఆ కొట్టినప్పుడు పెద్దవాళ్లతో పాటు చిన్నవాళ్ల పొట్టా కొట్టారని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది వేరే బాధ, దాని గురించి మాట్లాడాలంటే ఒక ఎపిసోడ్ చాలదు. నాకు అందులోంచి అర్థమైంది ఒకటి: అందరిదైనదాన్ని కొందరు గట్లు కట్టుకుంటున్నప్పుడు మొదటి గట్టు దగ్గర ఎవరూ అడగరు. అడిగే రోజు వచ్చేసరికి తియ్యడం అందరికీ నొప్పే.

ఇంటర్నెట్‌లో అలాంటి మొదటి గట్టు దగ్గర మనవాళ్లు ఒకసారి అడిగారు. 2015లో. కొన్ని సైట్లు మాత్రం ఫ్రీ, మిగతావాటికి డేటా ఖర్చు అనే పద్ధతి మొదలవుతోంది. ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ అలాంటిదే. ఫ్రీ అంటే ఎవరికి చేదు? కానీ ఒక పేద కుర్రాడికి ఆ ఫ్రీ చెరువే ఇంటర్నెట్ అయిపోతుంది. వీవెన్ గారి లేఖిని లాంటి చిన్న పేజీ ఆ కట్టలో లేకపోతే వాడికి అది లేనట్టే. ఆ ఏడాది మార్చిలో ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకి పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సైటుని బట్టి డేటా రేటు మార్చకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఈ రోజు మీరు ఏ సైటు తెరిచినా ఒకే డేటా ప్యాక్‌లోంచి పోతోందంటే, ఆ ఈమెయిళ్లు పంపినవాళ్లకి కొంత రుణపడి ఉన్నాం.

స్వేచ్ఛ వేరు, భద్రత వేరు అనుకుంటాం. కాదండి. 2022లో వీఎల్‌సీ ప్లేయర్ సైటు మన దేశంలో తెరుచుకోవడం ఆగిపోయింది. సినిమాలు చూసే ఓపెన్ సోర్స్ ప్లేయర్, మీలో సగం మంది కంప్యూటర్లలో ఉండే ఉంటుంది. వాళ్లు లీగల్ నోటీసు ఇచ్చాక ఆ ఏడాది నవంబరులో మళ్లీ తెరిచారు. ఆ నెలల్లో వీఎల్‌సీ కావలసిన మనిషి ఏం చేస్తాడు? అసలు రేవు మూసేస్తే పక్కనున్న ఏదో రేవులో దిగుతాడు. అక్కడ దొరికే ఫైల్లో ఏముంటుందో ఎవరు చెప్పాలి?

అదే ఏడాది మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాయి. ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి. గోదావరికి ఇవతల మా గూడెంలో సిగ్నల్ ఉంది, అవతల లేదు. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నా స్నేహితుడొకడు ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బస్సెక్కి వచ్చి మా గదిలో ఉన్నాడు. పుకార్లు ఆపడానికి అంటారు. నిజం చెప్పేవాడి గొంతు కూడా దాంతో పాటే ఆగుతుంది. నిరవధికంగా ఇలా ఆపడం కుదరదని, ఆపిన ఉత్తర్వులు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో చెప్పింది. ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి. మీ ఊళ్లో నెట్ ఆగిన రోజు, "ఉత్తర్వు ఎక్కడ పెట్టారండి?" అని మర్యాదగా అడగడానికి పనికొస్తుంది.

సరే. పెద్ద మాటలు చాలు. ఈ రాత్రి మీ ఫోన్‌లో చెయ్యగలిగినవి చెబుతాను. ముందు మీది చెయ్యండి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్లది.

ఒకటి. అడ్రస్ చదవడం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఉత్తరం మీద "ఏలూరు వీధి, హైదరాబాద్" అని రాస్తే అది ఏలూరు రాదు కదా, హైదరాబాద్ పోతుంది. ఊరు చివర్న ఉంటుంది. సైటు అడ్రస్ కూడా అంతే. మొదటి గీత, అంటే స్లాష్ వచ్చే లోపు, చివర్న ఏముందో అదే అసలు ఊరు. ముందు మీ బ్యాంకు పేరు ఎన్నిసార్లు ఉన్నా అది వీధి పేరే. మనకి ఒక సౌకర్యం కూడా వచ్చింది. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు తమ సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరికి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ చివర ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు. కాబట్టి మొదటి స్లాష్‌కి ముందు చివర్న అది లేకపోతే ఆగండి. బాబాయి తెరిచిన పేజీ అడ్రస్ తర్వాత నేను చూశాను. బ్యాంకు పేరు మొదట్లో ఉంది, ఊరు వేరే.

రెండు. బ్యాంకుని ఎప్పుడూ వెతక్కండి. పాసుబుక్ మీదో కార్డు వెనకో ఉన్న అడ్రస్, నంబరు తీసుకుని, ఒక్కసారి జాగ్రత్తగా తెరిచి బుక్‌మార్క్ పెట్టుకోండి. ఇంక ఎప్పుడూ అక్కడినుంచే.

మూడు. అప్‌డేట్. గుడ్‌మార్నింగ్ ఫోటోలు తీసెయ్యండి, బ్రౌజర్‌కి చోటివ్వండి.

నాలుగు. రెండో బ్రౌజర్ ఒకటి పెట్టుకోండి. ఆండ్రాయిడ్ అయితే ఫైర్‌ఫాక్స్ పెట్టి అందులో యూబ్లాక్ ఆరిజిన్ తగిలించండి. బాబాయి నొక్కిన లాంటి ప్రకటనలు చాలావరకు కనిపించవు. ఫైర్‌ఫాక్స్‌ని తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, ఆ తెలుగు మన వాలంటీర్లు కూర్చుని అనువదించినదే. ఐఫోన్ వాళ్లకి ఒక మాట: మన దేశంలో ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ పెట్టినా లోపల ఇంజిన్ ఆపిల్‌దే, ఫైర్‌ఫాక్స్‌లో ఈ ఎక్స్‌టెన్షన్లూ రావు.

ఐదు. ఇన్‌స్టాలోనో ఫేస్‌బుక్‌లోనో లింకు నొక్కితే అది ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. అది మీరు ఎంచుకున్న బ్రౌజర్ కాదు. అలా తెరిచిన పేజీల్లోకి ఆ యాప్‌లు తమ సొంత కోడ్ చొప్పిస్తున్నాయని 2022లో ఫెలిక్స్ క్రాసే అనే పరిశోధకుడు ఐఫోన్ మీద చూపించాడు. పాస్‌వర్డ్ కొట్టాల్సిన పేజీ అయితే పైన మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవండి.

ఆరు. ఇన్‌కాగ్నిటో అంటే మాయ దుప్పటి కాదు. మీ ఫోన్‌లో చరిత్ర మిగలదు, అంతే. సిమ్ కంపెనీకి, సైటుకి మీరు కనపడుతూనే ఉంటారు.

ఏడు. డబ్బు పోతే సిగ్గుపడకండి, ఆలస్యం చెయ్యకండి. 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే దొంగ అకౌంట్లో అంత డబ్బు ఆపగలరు. బాబాయి సిగ్గుపడి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఆలస్యం వల్ల 31 వేలే ఆగాయి. అవి కొన్ని నెలలకి తిరిగొచ్చాయి. మిగతా 55 వేలు వడ్డీకి తెచ్చి మేత కొట్టుకి కట్టారు. ఆ అప్పు ఈ పంటతో తీరింది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను ఆయన పక్కన కూర్చుని ఇవన్నీ మళ్లీ చెప్పాను. ఈసారి ఒక్క ముక్కలో తేల్చలేదు. ఎందుకో కూడా చెప్పాను. దోనె, రేవు, ఉత్తరం అడ్రస్, అన్నీ. ఆయన చివరి దాకా విని, "మరి ఆ రోజు ఇంత చెప్పలేదేం రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చదువుకున్నవాళ్లం అనుకునే మనకి ఉండే జబ్బు అది. పెద్దవాళ్లకి "ఇది నొక్కు, అది నొక్కకు" అని చెబుతాం గాని కారణం చెప్పం. వాళ్లకి అర్థం కాదని మనమే అనుకుంటాం. నీళ్ల రంగు చూసి ఆక్సిజన్ తగ్గిందని చెప్పే మనిషికి అడ్రస్ చదవడం అర్థం కాదా?

ఇప్పుడు ఆయన ఏ లింకు వచ్చినా అడ్రస్ బిగ్గరగా చదువుతారు, చివర్నుంచి మొదటికి. పక్కన పిన్ని నవ్వుతుంది. నవ్వనివ్వండి.

ఈ ఎపిసోడ్ చూశాక మీరు ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో ఒక్కరి పక్కన పదిహేను నిమిషాలు కూర్చోండి. వాళ్ల ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి. వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల చేతే అడ్రస్ చదివించండి. వచ్చే వారం పాస్‌వర్డ్‌ల గురించి మాట్లాడుకుందాం. అందాకా జాగ్రత్త.